వ్యాసపరిష్కరణము, ప్రమాణనిర్దేశము: ఇందూరు సీమనుండి కొన్ని నిదర్శనములు

నిజామాబాదు మండలపు టుత్తరభాగమున గోదావరికి సమీపమున మెండోర యను గ్రామము గలదు. పోచంపాడు జలాశయము, అనగా శ్రీరామసాగరము, దానికి చేరువనే యున్నది. ఆ ప్రాంతపు విద్యార్థులు పైచదువులకై ఆర్మూరునకును నిజామాబాదునకును పోవుదురు. 2006వ సంవత్సరమున నేర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము డిచ్‌పల్లిలో వారి కందుబాటుననే యున్నది. అట్టి విద్యార్థి యొకడు కళాశాలలో తన సీమ చరిత్రమునుగూర్చి వ్యాసమును వ్రాసె ననుకొందము. అందు ముఖ్యముగా నాలుగు వాక్యము లున్నవి. బోధను పూర్వకాలమున అశ్మకదేశమునకు రాజధాని యనునది మొదటిది. ఇంద్రుడను రాజువలన ఇందూరునకు ఆ పేరు కలిగె ననునది రెండవది. బోధను చక్కెర కర్మాగారము ఆసియాఖండమునం దెల్ల పెద్దది యనునది మూడవది. పోచంపాడు ఆనకట్ట కట్టినప్పుడు మా తాతగారి గ్రామము నీట మునిగె ననునది నాల్గవది.

ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరా కలమును చేతబట్టి వ్యాసమును దిద్దును. శకటరేఫము తప్పిన చోట సున్న చుట్టును. విసంధి దోషమును సవరించును. వాక్యాంతమున క్రియ లోపించిన చోట చేర్చును. మొదటి మూడు వాక్యములను చూచి సంతసించి, నాల్గవ వాక్యమును మాత్రము "ఇది స్వవిషయము, చరిత్రము గాదు" అని కొట్టివేయును. పిమ్మట మార్కులు వేయును. ఇట్లు జరుగుట మన విద్యాశాలలలో అరుదు గాదు. అయితే ఆ నాలుగు వాక్యములలో ప్రత్యక్షసాక్షి గలది నాల్గవది యొక్కటియే. తక్కిన మూటికిని విద్యార్థి మూలమును చూపలేదు, ఉపాధ్యాయుడు అడుగలేదు. దిద్దుబాటు అనగా నేమి, పరిష్కరణ మనగా నేమి, ప్రమాణమును చూపుట యెవరి ధర్మము అను ప్రశ్నలు ఇచ్చట పుట్టుచున్నవి. ఈ ధర్మము మనకు క్రొత్తది గాదనియు, నడుమ నొక కారణముచేత తరగతిగదినుండి తొలగిపోయిన దనియు ఈ వ్యాసమున చూపుటకు యత్నింతును.

1. పూర్వుల ప్రతిజ్ఞ

ప్రమాణనిర్దేశము పాశ్చాత్యుల విశ్వవిద్యాలయములనుండి వచ్చిన యాచారమని పలువురు తలతురు. అది సరికాదు. కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన తెలంగాణమువాడు. ఆయన యింటిపేరు మెదకు సీమలోని కొల్చారమును స్మరింపజేయుచున్నది. మూలము లేని దేదియు వ్రాయననియు, అపేక్షింపబడని దేదియు చెప్పననియు ఆయన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞలో రెండంగములు గలవు. మొదటిది ప్రమాణనిర్దేశము, రెండవది పరిష్కరణము. ఉన్నదానికి ఆధారము చూపుట యొకటి, అక్కఱలేనిదానిని విడుచుట మఱియొకటి. ఆయన యొక పదమున కర్థము చెప్పినప్పుడు కోశమును పేర్కొనును. రూపమును సాధించినప్పుడు పాణినీయసూత్రమును చూపును. అలంకారమును చెప్పినప్పుడు లక్షణమును తెలుపును. పాఠకుడు వ్యాఖ్యాతను నమ్మవలసిన పని లేదు; చూపిన మూలమును తెఱచి చూచుకొనవచ్చును. ప్రమాణనిర్దేశపు ప్రయోజన మంతయు ఇందే యిమిడి యున్నది.

మీమాంసకుల అధికరణపద్ధతియు నిట్టిదే. విషయమును చెప్పి, సంశయమును చూపి, పూర్వపక్షమును నిలిపి, సిద్ధాంతమును స్థాపించి, సంగతిని నిరూపింతురు. ప్రతిపక్షపు వాదమును దాచక ముందు చెప్పుట యిందలి గొప్పదనము. నేటి కళాశాలలలో వ్యాసమునకు చెప్పెడి క్రమ మింతకంటె భిన్నము గాదు. కాగా ఈ ధర్మము మన కేల తప్పిపోయినది?

2. వ్యాసరచనా వివాదము

మదరాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడినది. ఇరువదవ శతాబ్ది మొదటి దశాబ్దమున జరిగిన సంస్కరణముల పిమ్మట దేశభాషలో వ్యాసరచన పరీక్షావిషయ మయ్యెను. అప్పుడు వ్యాసమును ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న పుట్టి తెలుగుదేశము నెల్ల కదలించెను. 1911లో జయంతి రామయ్యపంతులుగారి పూనికతో మదరాసున ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసి గ్రాంథికపక్షమును సమర్థించెను. గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారికపక్షమును వహించి 1913లో ఆధునికాంధ్రమునుగూర్చి విజ్ఞాపనమును ప్రకటించిరి. విశ్వవిద్యాలయపు వ్యాసరచనాసంఘమున సభ్యులుగా నుండిన గురజాడ అప్పారావుగారు 1914లో తమ భిన్నాభిప్రాయమును విపులముగా వ్రాసి సమర్పించిరి. 1915 నాటికి గ్రాంథికపక్షమునకే జయము కలిగినది. ఆ సంవత్సరముననే అప్పారావుగారు దివంగతులైరి. 1919లో కందుకూరి వీరేశలింగముపంతులుగా రధ్యక్షులుగా వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజ మేర్పడినను, అదే సంవత్సరమున వారును స్వర్గస్థులైరి.

ఈ వివాదపు మంచిచెడ్డల తీర్పు ఇచ్చట నా యుద్దేశము గాదు. దాని ఫలముగా దిద్దుబాటు అను మాటకు తెలుగు తరగతిలో నేర్పడిన యర్థమునే పరిశీలించుచున్నాను. ఇరుపక్షముల పండితులును వ్యాసపు భాషనుగూర్చియే పోరాడిరి. అందుచేత ఉపాధ్యాయునికి దిద్దుబాటు అనగా భాషను దిద్దుట యని స్థిరపడినది. గ్రాంథికమైన కాలమున అరసున్నలను దిద్దిరి. శిష్టవ్యావహారికము వచ్చిన పిమ్మట గ్రాంథికరూపములను దిద్దిరి. కలము మాఱలేదు, గుఱిమాత్రము మాఱినది. విద్యార్థి చెప్పిన విషయ మెచ్చటనుండి వచ్చిన దను ప్రశ్న రెండు కాలములందును వెనుకబడినది.

ఇందు విచిత్ర మేమనగా, ఆ వివాదనాయకులు తమ తమ పరిశోధనలందు ప్రమాణవిషయమున మిక్కిలి జాగరూకులు. జయంతి రామయ్యపంతులుగారు బెజవాడ యుద్ధమల్లుని శాసనమును ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించిన శాసనపరిశోధకులు. గిడుగువారు సవరల నోటనుండి వారి భాషను విని, పదములను కథలను సేకరించి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ఒకరు శిలాక్షరమును ప్రమాణముగా గొనిరి. ఒకరు మనుష్యుని వాక్కును ప్రమాణముగా గొనిరి. ఇరువురును మూలము లేని మాట నొల్లనివారే. వారి వాదము తరగతిలోనికి వచ్చినది గాని, వారి యాచరణము రాలేదు.

3. నిజాము రాష్ట్రమున జరిగినది

నిజాము రాష్ట్రపు స్థితి వేఱు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. కావున ఇందూరు సీమ విద్యార్థికి చరిత్రవ్యాసమును తెలుగున వ్రాయు నవకాశము కళాశాలలో దుర్లభముగ నుండెను. తెలుగు వ్యాసరచన కళాశాల వెలుపల, గ్రంథాలయములందును పత్రికలందును సభలందును పెరిగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికామండలి వెలసినవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో మరణించిన పిమ్మట వారి పేర పనిచేసిన పరిశోధకమండలి 1935లో తెలంగాణా శాసనముల సంపుటమును ప్రకటించెను. 1937లో ఆంధ్రమహాసభ నిజామాబాదు నగరముననే సమావేశమయ్యెను.

కళాశాల నేర్పని ప్రమాణధర్మమును తెలంగాణపు పండితులు అవసరమువలన నేర్చుకొనిరి. తెలంగాణమున కవులు లేరను మాట యొకప్పుడు పత్రికాముఖమున వెలువడినది. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో బదులు చెప్పియుండవచ్చును. వారట్లు చేయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, అందు 354 కవులను పేర్లతో, ఊళ్లతో, రచనలతో చూపిరి. ఆధారము లేని యొక వాక్యమునకు 354 ఆధారములు సమాధానమైనవి. ప్రమాణనిర్దేశము పండితుల పరిహాసమునకు పాత్రమైన చిన్నపని యని తలచువా రీ సంచికను స్మరింతురు గాక. ఒక ప్రాంతపు గౌరవ మప్పుడు దానిమీద నిలిచినది.

4. పరిష్కర్తల మార్గము

దిద్దుట యెట్లో గ్రంథపరిష్కర్తలనుండి నేర్వదగినది మఱియు గలదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొర వేమన పద్యములకు అనేక ప్రతులను తెప్పించి, పండితులచే సరిచూపించి, 1829లో 693 పద్యములతో నొక సంపుటము నచ్చువేయించెను. అంతటితో తృప్తి నొందక, మఱి కొన్ని ప్రతులను సంపాదించి, 1839లో వేయికి మించిన పద్యములతో రెండవ సంపుటమును వెలువరించెను. తాను ప్రకటించినదానిని తానే పది సంవత్సరములకు మరల పరిశీలించెను. తొలిప్రతియే తుదిప్రతి యని తలచు విద్యార్థి కిది మంచి పాఠము.

మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవమును తొలిసారి లోకమునకు తెచ్చిరి. వారా కవి నన్నయకు పూర్వుడని నిర్ణయించిరి. పిమ్మటి పండితులలో పలువు రందుల కంగీకరింపక కవి కాలమును నన్నయకు తరువాతికి దింపిరి. ఇందు రెండు విషయములను విడదీసి చూడవలెను. గ్రంథము దొరకుట సాక్ష్యము, కాలనిర్ణయము ఊహ. ఊహ తొలగినను సాక్ష్యము చెడలేదు, కవిగారి మేలును తగ్గలేదు. ఈ రెంటిని ఒక్క వాక్యములో కలిపి వ్రాసిన విద్యార్థి రెంటిని పోగొట్టుకొనును.

శాసనపరిష్కర్తల యాచార మింకను సూక్ష్మమైనది. శిలమీద అక్షరము తప్పుగా నున్నను వారు దానిని చెఱిపి క్రొత్త యక్షరమును వేయరు. ఉన్నదానిని ఉన్నట్లే చూపి, సవరణమును అడుగున వేఱుగా తెలుపుదురు. శిథిలమైన యక్షరమును ఊహించి పూరించినచో కుండలీకరించి, యది తమ పూరణమని పాఠకునికి తెలియజేయుదురు. విద్యార్థి వ్యాసమును దిద్దు నుపాధ్యాయుడును ఇట్లే చేయవలెనని నా మనవి. వాక్యమును కొట్టివేసి తన వాక్యమును వ్రాయుట పరిష్కరణము గాదు, పరకాయప్రవేశము. విద్యార్థి వాక్యమును నిలిపి, ప్రక్కన ప్రశ్న వ్రాయవలెను. దిద్దువాడు విద్యార్థియే కావలెను.

5. నాలుగు వాక్యముల పరీక్ష

ఇప్పుడు మెండోర విద్యార్థి వాక్యములను పరీక్షింతము.

బోధను అశ్మకరాజధాని యను వాక్యమునకు ఆధారములు లేకపోలేదు. పాళీగ్రంథములు అస్సకరాజ్యమునకు పోతన యను నగరమును రాజధానిగా చెప్పుచున్నవి. మహాభారతమున ఆదిపర్వమందు అశ్మకుడు పౌదన్యమును నెలకొల్పె నని యున్నది. సుత్తనిపాతమున బావరి యను బ్రాహ్మణుడు అస్సకుల దేశమున గోదావరీతీరమున నివసించె నని కలదు. ఇవి సాక్ష్యములు. అయితే పోతన, పౌదన్య, బోధను అను పేర్లు ఒక్కటే యనుట శబ్దసామ్యమువలన చేసిన యూహ. పెక్కుమంది చరిత్రకారు లంగీకరించిన యూహయే యైనను, ఊహ ఊహయే. అట్లే గోదావరిలోని బాదనకుర్తి లంకయే బావరి యాశ్రమమని కొందఱు చెప్పుదురు. సుత్తనిపాతమున ఆ గ్రామనామము లేదు. కావున విద్యార్థి వాక్యము "పాళీగ్రంథములందు చెప్పబడిన పోతననగరము నేటి బోధనే యని చరిత్రకారులు పలువురు తలతురు" అని మాఱవలెను. వాక్యము పొడవైనది, కాని నిజమైనది.

బోధనుగూర్చి మఱియొక ముచ్చట గలదు. వేములవాడ చాళుక్యుడైన యుద్ధమల్లుడు బోధనులో నూనె నింపిన బావులందు తన యేనుగులకు స్నానము చేయించె నని పంపకవి తన విక్రమార్జునవిజయమున వర్ణించెను. శకము 888, అనగా క్రీస్తుశకము 966 నాటి పర్భణి తామ్రశాసనమందును ఈ ప్రశంస కలదు. రెండు సాక్ష్యములు దొరికినవని విద్యార్థి సంతసించును. కాని పంపని పోషకుడు రెండవ అరికేసరి. పర్భణి శాసనకర్త యాతని మనుమడైన మూడవ అరికేసరి. రెండును ఒక్క రాజాస్థానమున పుట్టినవే. యుద్ధమల్లునికి అవి సమకాలికములును గావు. ఒకే యింటివారిద్దరు చెప్పిన మాట రెండు సాక్ష్యములు గానేరదు. మూలములను లెక్కించుటకంటె వాని పుట్టుకను విచారించుట ముఖ్యము.

ఇందూరు పేరునుగూర్చి రెండు కథలు వాడుకలో నున్నవి. ఒకటి ఇంద్రదత్తుడను రాజును చెప్పును. మఱియొకటి రాష్ట్రకూటుడైన ఇంద్రవల్లభుని చెప్పును. ఈ యిరువురికిని నడుమ శతాబ్దములు గలవు. రెండును నిజము కానేరవు. రెండును కథలే కావచ్చును. ఇట్టి చోట విద్యార్థి రెంటిని చెప్పి, ఏది యెచ్చట చదివెనో తెలిపి, నిర్ణయమును విడుచుట మేలు. నిర్ణయింపకుండుట అజ్ఞానము గాదు, అది నిగ్రహము.

చక్కెర కర్మాగారమునుగూర్చిన మూడవ వాక్యము తఱచుగా వినబడునదియే. నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమై బోధను సీమ రైతుల జీవనమును మార్చివేసెను. 2002లో దాని నిర్వహణము ప్రభుత్వేతర భాగస్వాముల చేతికి పోయెను, 2015లో మూతపడెను. "ఆసియాలో పెద్దది" అను మాట ఏ సంవత్సరమునకు చెందినది? ఆడిన చెఱకు తూకమునుబట్టియా, పొలముల విస్తీర్ణమునుబట్టియా, కార్మికుల సంఖ్యనుబట్టియా? ఈ ప్రశ్నలకు బదులు లేనిదే ఆ వాక్యము ప్రశంసయగును గాని చరిత్రము గాదు. మఱియు "పెద్దది" అను వర్తమానప్రయోగము మూతపడిన కర్మాగారమునకు చెల్లదు. ఇచ్చట వ్యాకరణము దిద్దిన మాత్రమున దోషము పోదు; కాలము తెలియవలెను.

6. కొట్టివేయబడిన వాక్యము

ఇక నాల్గవ వాక్యము. పోచంపాడు ఆనకట్టకు 1963వ సంవత్సరము జూలై 26న జవహర్లాలు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. జలాశయము నిండినప్పుడు గోదావరి కిరువైపుల గ్రామములు మునిగినవి. లక్షల యెకరములకు నీరు వచ్చినది. కొన్ని యూళ్లు మాత్రము పటమునుండి తొలగినవి. ఆ యూళ్ల కాపురములు, గుళ్లు, బావులు, పొలముల పేర్లు, జాతరల తిథులు ఎచ్చట వ్రాయబడియున్నవి? ప్రభుత్వపు కాగితములందు ఎకరముల లెక్కయు నష్టపరిహారపు లెక్కయు దొరకవచ్చును. ఊరి బావికి పే రెవరు పెట్టిరో వానిలో దొరకదు. అది ఆ యూరిలో పుట్టి పెరిగిన వృద్ధుల నోట మాత్రమే యున్నది. వారు నానాటికి తగ్గుచున్నారు.

కావున మెండోర విద్యార్థి వ్యాసమునందు కొట్టివేయవలసిన వాక్యము నాల్గవది గాదు, పెంచవలసినదే నాల్గవది. అయితే దానిని ఉన్నట్లు విడుచుటయు తగదు. గిడుగువారు సవరల వాక్కును గ్రహించినట్లు, విద్యార్థి తన తాతగారి వాక్కును గ్రహింపవలెను. చెప్పినవా రెవరు, వయస్సెంత, ఏ తేదీన ఏ యూరిలో చెప్పిరి, తాము చూచినదా, విన్నదా అను విషయములు వ్రాయవలెను. తాతగారి మాటను తన మాటతో కలుపరాదు. మఱియొక వృద్ధుడు వేఱుగా చెప్పినచో దానిని దాచక పాఠాంతరముగా చూపవలెను. పేరు చెప్పుట కిష్టపడనివారి పేరు విడిచి, తక్కినది చెప్పవలెను. అట్లు చేసినచో ఆ పుట యొక శాసనము వంటిదగును. చేయనిచో, ఏబది యేండ్ల పిమ్మట అది ఇందూరు పేరు వంటి మఱియొక కథయగును. ఎవరో యొకరు దానిని మూలము చూపక వ్రాయుదురు. మఱియొకరు దానిని నకలు చేయుదురు. ఆ యూరిమాట యాధారము లేని మాటలలో కలిసిపోవును. ఊరు రెండవసారి మునుగుట యనగా నిదియే.

నకలు చేయుట యీ కాలమున మఱింత సులభమైనది. పూర్వము లేఖకుడు తాళపత్రమును చూచి చేతితో వ్రాయవలసి యుండెను. ఆ శ్రమలోనైనను దోష మొకటి కంటబడుటకు వీలుండెను. ఇప్పుడు యంత్రమున మీట నొక్కినంతనే పుటలు పుటలుగా దిగుచున్నవి. కావున విద్యార్థి తాను చూడని గ్రంథమును చూచినట్లు వ్రాయరాదు. ఇతరుల గ్రంథమున నుదహరింపబడినదానిని గైకొన్నచో, ఆ రెండవ గ్రంథమునే పేర్కొనవలెను. ఇది వినయము మాత్రమే గాదు. తరువాతివానికి దారి చూపుట.

ఉపాధ్యాయమహాశయులకు నా మనవి యిది. వ్యాసమును మూడు మాఱులు చదువుడు. మొదటి మాఱు విషయక్రమమును మాత్రము చూడుడు. రెండవ మాఱు ప్రతివాక్యమునకు మూల మెచ్చట నని యడుగుడు. మూడవ మాఱు భాషను దిద్దుడు. ఇంతకాలము మనము మూడవదానితో మొదలిడి దానితోనే ముగించితిమి. క్రమమును త్రిప్పినచో గ్రాంథికమైనను వ్యావహారికమైనను వ్యాసము నిలుచును. కొల్చారపు పండితుని ప్రతిజ్ఞ మెండోర విద్యార్థి నోటుపుస్తకమున తొలిపుటను చేరినచో, మునిగిన యూళ్లలో కొన్నియైనను అక్షరరూపమున ఒడ్డున నిలుచును.